మోకాలికి అందుగు బంక: మేలెంత, మోసమెంత

(మండల రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ మద్దతు ధర, కౌలు కార్డు, పంట బీమా, ఎరువుల కొరత గురించే మాట్లాడుకుంటాం. ఈసారి మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఊళ్లో సగంమంది ఏదో ఒక బంక బిళ్ల వాడుతున్నారు, అది పనిచేస్తుందో లేదో సంఘం తేల్చి చెప్పాలన్నారు. వాళ్లడిగింది న్యాయమే. మోకాలు పనిచేయకపోతే మనకు మద్దతు ధర వచ్చినా ఏం లాభం? పొలంలోకి దిగేది ఎవరు?

మేము డాక్టర్లం కాదు. అయినా చదివిన వాళ్లను అడిగి, ఆయుర్వేద వైద్యుల్నీ ఇంగ్లీషు వైద్యుల్నీ కలిసి, అచ్చయిన పరిశోధనల సారాంశం చెప్పించుకుని, తెలిసినంత మేరకు మీ ముందు పెడుతున్నాం.

ఇది పని ఇచ్చిన జబ్బు

ముందుగా ఒక మాట. మోకాళ్ల నొప్పి ముసలితనం వల్లే వస్తుందని అందరూ అంటారు. ముసలితనమూ ఒక కారణమే. కానీ మన ఊళ్లో నలభై ఏళ్లు దాటని ఆడవాళ్లు కూడా అరుగు మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకుంటున్నారు. నాట్ల కాలంలో పొద్దున వంగితే సాయంత్రం దాకా నడుం ఎత్తే పని లేదు. బురదలో కాలు పీకి పెట్టడం, పీకి పెట్టడం. కలుపు తీయడం గొంతుక్కూర్చుని. వేరుశనగ పీకడం వంగి. పదహారు లీటర్ల స్ప్రేయరు వీపున వేసుకుని గట్ల మీద తిరగడం. యాభై కిలోల బస్తా భుజానికెత్తుకుని ట్రాక్టరెక్కించడం. రోజూ మోకాళ్ల మీద బరువుతో వంగి లేచే పనివాళ్లకు మోకాలి కీలు తొందరగా అరుగుతుందని వైద్య శాస్త్రం కూడా ఒప్పుకుంది. ఒళ్లు బరువు ఎక్కువైనా, పాత దెబ్బ ఏదైనా ఉన్నా ఇంకా తొందరగా అరుగుతుంది.

ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికి ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. పొలంలో పనిచేసే వాడికి అదీ లేదు. కాబట్టి మన మోకాలి వైద్యం ఆర్ఎంపీ దగ్గర సూదితోనో, మెడికల్ షాపులో పది రూపాయల నొప్పి బిళ్లల పట్టీతోనో నడుస్తోంది.

నొప్పి బిళ్లతో వచ్చే తిప్పలు

డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్లలు నొప్పిని తగ్గిస్తాయి. అందులో అబద్ధం లేదు. డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకుంటే అవసరమైన మందులే. చిక్కల్లా, మనం వాటిని నెలల తరబడి అన్నంలో ఉప్పులాగా వాడటం. ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో చెమట కారి, నీళ్లు తాగకుండా పనిచేసే ఒంటికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోయిన కుటుంబాల గోడు మనకు తెలిసిందే. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేల్చలేదు. అయితే కిడ్నీ మీద ఇప్పటికే భారం ఉన్నవాళ్లు నొప్పి బిళ్లల జోలికి పోవద్దనే విషయంలో మాత్రం డాక్టర్లలో రెండో మాట లేదు.

రైతులకు బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటి చెప్తాం. మన చిన్నప్పుడు చచ్చిన గొడ్డును ఊరి బయట పడేస్తే రాబందులు గుంపులుగా దిగేవి. ఇప్పుడు రాబందు కనపడటం లేదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరంలో ఉండిపోయి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయని 2004లో తేలింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. మనుషులకు వాడే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల చిన్న సీసాకు పరిమితం చేశారు. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లు ఒకటి కాదు, నిజమే. కానీ ఆ మందును అలవోకగా వాడకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

అందుకే జనం నాటు మందు వైపు చూస్తున్నారు. ఆ చూపు తప్పు కాదు. ఏ మందు, ఎంత, ఎవరి దగ్గర కొనాలి అన్నది తెలుసుకోవాలి.

అందుగు అంటే ఏది?

ఇప్పుడు ఊళ్లలో అమ్ముతున్న కీళ్ల నొప్పుల బిళ్లల్లో ఎక్కువ వాటిలో ఉండేది అందుగు చెట్టు బంక. ఆయుర్వేదంలో ఆ చెట్టును శల్లకి అంటారు. హిందీ వాళ్లు సలై అంటారు. డబ్బా మీద బోస్వెల్లియా సెరాటా అని రాసి ఉంటుంది. మన నల్లమల కొండల్లో, ఆదిలాబాద్ అడవుల్లో, రాళ్ల గుట్టల మీద, నీళ్లు లేని చోట పెరిగే చెట్టు. బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. బెరడును పైపైన చెక్కితే సువాసన గల బంక కారుతుంది. వానాకాలం పోయాక మొదలుపెట్టి మళ్లీ వానలు పడేలోపు బంక తీస్తారు. తీసిన బంకను బుట్టలో పోసి, అందులోని పలచటి రసం కారిపోయే దాకా ఉంచి, తర్వాత గడ్డలుగా ఏరతారు.

పేర్ల దగ్గర చాలా గందరగోళం ఉంది. మన కొట్లలో గుగ్గిలం, సాంబ్రాణి, మైసాక్షి అన్నీ కలిపి ఒకే వరసలో పెట్టి అమ్ముతారు. అవన్నీ ఒకటి కావు. ఆయుర్వేదంలో గుగ్గులు అనేది వేరే చెట్టు బంక. అది గుజరాత్, రాజస్థాన్ ఎడారి ప్రాంతాల్లో పెరిగే ముళ్ల పొద. విపరీతంగా గాట్లు పెట్టడం వల్ల అది అంతరించిపోయే దశకు చేరింది. యోగరాజ గుగ్గులు లాంటి బిళ్లలు దానితో చేస్తారు. ఇళ్లలో పొగ వేసే సాంబ్రాణి చాలా వరకు మరో చెట్టుది. కాబట్టి పూజా సామాన్ల కొట్లో దొరికే సాంబ్రాణి ముక్కను నూరి మింగితే మోకాలు తగ్గదు, కడుపు చెడుతుంది. అందులో ఏమేం కలిపారో అమ్మేవాడికే తెలియదు. పొగ పీల్చితే కీళ్లు బాగవుతాయనేదీ ఉత్త మాటే.

పరీక్షల్లో ఏం తేలింది?

అందుగు బంక మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనాశాల వాళ్లు దీని సారం వాపును తగ్గిస్తుందని 1980లలోనే చూపించారు. తర్వాత జర్మనీలో టూబింగెన్ శాస్త్రవేత్తలు అది ఎలా పనిచేస్తుందో కనిపెట్టారు. ఒంట్లో వాపును రగిలించే కొన్ని పదార్థాలు తయారు కావడానికి ఒక ఎంజైము కావాలి. బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాలు ఆ ఎంజైముకు అడ్డం పడతాయి. మామూలు నొప్పి బిళ్లలు అడ్డుకునేది మరో ఎంజైమును. అంటే రెండింటి దారులు వేరు.

మనుషుల మీద కూడా పరీక్షలు జరిగాయి. నాగపూర్ వైద్యులు మోకాలి కీలు అరిగిన 30 మందికి ఎనిమిది వారాలు బంక సారం ఇచ్చి చూశారు. అది 2003లో అచ్చయింది. నొప్పి, వాపు తగ్గాయి. మోకాలు వంగడం, నడక మెరుగయ్యాయి. కానీ ఎక్స్‌రేలో ఏ మార్పూ లేదు. ఈ మాట గట్టిగా పట్టుకోండి. నొప్పి తగ్గింది, అరిగిన గుజ్జు మాత్రం తిరిగి రాలేదు.

నాగపూర్‌లోనే 66 మందితో ఇంకో పరీక్ష చేశారు. అది 2007లో వచ్చింది. బంక సారాన్ని వాల్డెకాక్సిబ్ అనే నొప్పి బిళ్లతో పోల్చారు. నొప్పి బిళ్ల తొందరగా పనిచేసింది, ఆపగానే దాని గుణం పోయింది. బంక మెల్లగా పనిచేసింది, ఆపిన తర్వాత కూడా కొంతకాలం గుణం నిలిచింది. ఆ వాల్డెకాక్సిబ్‌ను గుండెకు ముప్పని 2005లోనే అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు.

2008లో అచ్చయిన మరో పరీక్ష మన తెలుగు నేలకు దగ్గరిది. విజయవాడ కంపెనీ ఒకటి తయారు చేసిన గాఢమైన సారాన్ని 75 మంది రోగులతో 90 రోజులు పరీక్షించారు. కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 250 మిల్లీగ్రాములు, కొందరికి ఉత్తుత్తి బిళ్ల. మందు వేసుకున్న వాళ్లకు నొప్పి బాగా తగ్గింది. అయితే సారం తయారు చేసిన కంపెనీ మనుషులే ఆ పరీక్షలో ఉన్నారు. ఎరువుల కంపెనీ ప్రదర్శన పొలం చూసినప్పుడు మనం ఎంత జాగ్రత్తగా లెక్క వేస్తామో, ఇక్కడా అంతే జాగ్రత్తగా చూడాలి.

ఇలాంటి పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. 2014లో వాళ్లు చెప్పింది ఇదీ. నొప్పిని వందకు కొలిస్తే, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్న వాళ్లకు 90 రోజుల తర్వాత 40 ఉంది. గాఢమైన బంక సారం 100 మిల్లీగ్రాములు వేసుకున్న వాళ్లకు 23 ఉంది. అంటే 17 మార్కుల తేడా. అది చిన్న తేడా కాదు. కానీ ఆ లెక్క మొత్తం 85 మంది రోగుల మీద ఆధారపడింది. కోట్ల మంది రైతుల మోకాళ్లకు 85 మంది సాక్ష్యం చాలదు. మేలు కనపడుతోంది, ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. ఇంతకు మించి ఎవరు చెప్పినా అమ్మకం కోసం చెప్పినట్టే.

వాడదలచుకుంటే

మొదటి మాట, నొప్పి ఏ రకమో డాక్టరుకు చూపించి తెలుసుకోండి. పొద్దున లేచాక రెండు చేతుల వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి, వాచి ఉంటే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. దానికి వేరే మందులున్నాయి. ఆలస్యం చేస్తే వేళ్లు వంకర పోతాయి. ఆ మందులు ఆపేసి బంక బిళ్ల మీద ఆధారపడకూడదు. కాలి బొటనవేలు ఒక్కసారిగా ఎర్రగా వాచి నిప్పులా మండితే అది యూరిక్ యాసిడ్ వల్ల కావచ్చు. మోకాలు వేడిగా వాచి జ్వరం కూడా వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఏ పొడితోనూ కాలయాపన చేయకూడదు.

రెండో మాట, ఎంత వాడాలి. పరీక్షల్లో మామూలు సారాన్ని 333 మిల్లీగ్రాముల బిళ్లగా రోజుకు మూడుసార్లు ఇచ్చారు. గాఢమైన సారాన్ని రోజుకు 100 నుంచి 250 మిల్లీగ్రాములు ఇచ్చారు. ఈ రెండూ ఒకటి కాదు, డబ్బా మీద ఏది రాశారో చదివించుకోండి. మీకు ఎంత సరిపోతుందో వైద్యుడే చెప్పాలి. ఉత్త కడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

మూడో మాట, ఓపిక. నాలుగు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. మొదలుపెట్టే రోజున ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నాం, ఎంత దూరం నడిచాక నొప్పి వస్తోంది, రాత్రి నిద్ర పడుతోందా. మూడు నెలలకు మళ్లీ రాయండి. తేడా లేకపోతే ఆపేయండి. పనిచేయని పురుగుమందును మళ్లీ కొట్టం కదా, ఇదీ అంతే.

నాలుగో మాట, ఎవరు వాడకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు ఈ బిళ్ల సంగతి డాక్టరుకు చెప్పాలి. కొందరికి కడుపులో మంట, వికారం, విరేచనాలు వస్తాయి. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపేయాలి.

మోసం ఎక్కడుంది?

ఇక అసలు భయం బంక గురించి కాదు, బంక పేరుతో అమ్మే పొడుల గురించి. సంతల్లో, బస్టాండ్లలో, మోటారు సైకిల్ మీద ఊరూరా తిరిగి అమ్మే "మూలికల పొడి"లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. గుర్తు ఏమిటంటే, రెండు రోజుల్లో అద్భుతంగా లేచి నడిపిస్తుంది. చెట్టు బంక రెండు రోజుల్లో అలా చేయదు. తర్వాత ఆకలి విపరీతంగా పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు, బీపీ ఎక్కుతాయి, ఎముక గుల్లబారుతుంది. అలాంటి పొడిని నెలల తరబడి వాడిన వాళ్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఆ పొట్లం చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఆయన మెల్లగా తగ్గించి ఆపిస్తారు.

కొనేటప్పుడు రెండు రకాల డబ్బాలు కనపడతాయి. ఒకటి ఆయుర్వేద మందు. దాని మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీలు ఉండాలి. రెండోది ఆహార పూరకం పేరుతో వచ్చేది. దాని మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబరు ఉంటుంది, మందుగా వాడటానికి కాదని కూడా చట్టం ప్రకారం రాసి ఉండాలి. ఆ డబ్బా మీద ఒకటి రాసి, అమ్మేవాడు నోటితో "ఆపరేషన్ అక్కర్లేదు, గుజ్జు మళ్లీ పుడుతుంది" అంటే అది మోసం. అద్భుత మందుల ప్రకటనల మీద 1954 నుంచే మన దేశంలో చట్టం ఉంది. ఏ నంబరూ లేని పొడిని పొట్లంలో కట్టి ఇస్తే కొనొద్దు. విత్తనాలకు బిల్లు అడిగినట్టే మందుకూ బిల్లు అడగండి. డబ్బు పెట్టే ముందు దగ్గరలో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీ ఉంటే అక్కడికి పోండి.

ఇంకో రకం మోసం కూడా రావచ్చు. "అందుగు తోట వేయండి, బంక మేమే కొంటాం, ఎకరాకు లక్షలు" అని మొక్కలు అంటగట్టేవాళ్లు రేపు మన గుమ్మం తొక్కుతారు. మూలికా పంటల పేరుతో మొక్కలు కొని, కొనేవాడు మాయమైపోగా చేతులు కాల్చుకున్న రైతులు మన మధ్యే ఉన్నారు. అందుగు నెమ్మదిగా పెరిగే అడవి చెట్టు. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ఒక్క మొక్క కూడా నాటవద్దు.

బంక తీసేవాళ్ల సంగతి

మన మోకాలికి ఊరటనిచ్చే ఆ బంకను ఎండాకాలం కొండెక్కి తీసేది ఆదివాసీలు. చెట్టుకు ఏడాదికి కిలో, కిలోన్నర వస్తే గొప్ప. డబ్బా ధరలో వాళ్లకు చేరేది ఎంతో మనం ఊహించగలం. ఎందుకంటే మన మిర్చికీ, మన టమాటాకూ జరిగేది అదే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకుని అమ్ముకునే హక్కు అడవి బిడ్డలకు ఇచ్చింది. ఆ హక్కు కాగితం దాటి బయటికి రావాలి. ధర లేనప్పుడు ఎక్కువ బంక కోసం చెట్టును లోతుగా చెక్కుతారు, చెట్టు చస్తుంది. సరైన ధర ఇస్తేనే చెట్టూ బతుకుతుంది, మన మందూ ఉంటుంది.

సంఘం చేయాల్సింది

మిత్రులారా, బంక బిళ్ల నొప్పిని తగ్గించవచ్చు. కానీ పొద్దున బిళ్ల మింగి, పగలంతా మళ్లీ అదే బురదలో వంగి పనిచేస్తే ఎంతకాలం ఆగుతుంది? అందుకే ఈ పనులు చేద్దాం.

నిలబడి కలుపు తీసే పొడవు పిడి పనిముట్లు, వరిలో కోనో వీడర్లు, డ్రమ్ సీడర్లు అద్దె కేంద్రాల్లో చిన్న రైతుకు, కౌలు రైతుకు దొరికేలా అడుగుదాం. యంత్రం వస్తే కూలి పోతుందనే అక్కల భయం న్యాయమైనదే. వాటిని నడిపే పని, దాని కూలి మహిళా సంఘాలకే దక్కాలని కూడా అదే నోటితో అడుగుదాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారానికి ఒక రోజైనా ఫిజియోథెరపిస్టు రావాలని అడుగుదాం. తొడ కండరం గట్టిపడే వ్యాయామం మోకాలికి మేలు చేస్తుందని వైద్యులంతా ఒప్పుకుంటున్నారు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించడం. రోజుకు పదిహేనుసార్లు రెండు కాళ్లకూ చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీల్లో వైద్యుడు, మందు రెండూ ఉండేలా చూడమని జిల్లా అధికారికి వినతిపత్రం ఇద్దాం.

వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరు ఇంట్లో వాడుతున్న నొప్పి మందుల డబ్బాలు, పొట్లాలు, చీటీలు అన్నీ సంచిలో వేసుకుని రండి. ప్రభుత్వ డాక్టరును, ఆయుర్వేద వైద్యుణ్ని ఇద్దర్నీ పిలుస్తున్నాం. ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో వాళ్ల ఎదుటే తేల్చుకుందాం. నంబరు లేని పొట్లాలను విడిగా కట్టి, సంఘం తరపున డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదుతో పాటు అప్పగిద్దాం.